అప్‌డేట్: అన్నయ్య కేసులో కోర్టు చెప్పిన పరిహారం

ప్లాటు ఇప్పిస్తానని గాజువాకలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకున్న కేసులో మా అన్నయ్యకు 420 సెక్షన్ కింద శిక్ష పడిందని, పరిహారం కట్టకపోతే అదనంగా జైలు అన్నారని అప్పుడు రాశాను. ఆ అదనపు జైలు కూడా అనుభవించేస్తే బాకీ పోయినట్టేనా అని అడిగాను.

పోదు. పాత కేసు కాబట్టి దీనికి సీఆర్‌పీసీనే (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం) వర్తిస్తుందని విశాఖ కోర్టులో మా లాయరుగారు చెప్పారు. మామూలు జరిమానా అయితే ఆ జైలు పూర్తిగా అనుభవించాక, ప్రత్యేక కారణాలుంటే తప్ప వసూలుకు వారెంటు ఇవ్వరు. అదే చట్టం 357 సెక్షన్ కింద బాధితుడికి ఇమ్మన్న పరిహారానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. ఆస్తి జప్తు చేసైనా రాబట్టొచ్చు. 2017లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. నాకైతే ఇది న్యాయంగానే అనిపించింది. అన్నయ్య జైల్లో కూర్చుంటే ఆ పెద్దాయన డబ్బు తిరిగి రాదు కదా.

వదిన నగలు అమ్మి, నేను పీఎఫ్ తీసి, మొదటి విడత కట్టాం. నేరుగా ఆయన చేతికివ్వకుండా కోర్టులోనే జమ చేసి రసీదు తీసుకున్నాం. ఆయన సివిల్ దావా కూడా వేశారు. ఈ పరిహారం కింద కట్టినది అక్కడ లెక్కలోకి తీసుకోవాల్సిందే, కాబట్టి ప్రతి రసీదూ దాచమని లాయరుగారు అన్నారు. మిగతాదానికి ఊళ్లో పొలం బేరం పెట్టాం. గడువులోపు కట్టేస్తాం.