వేరే పిల్లల తరఫున టీచర్ మీద కంప్లయింట్ రాస్తే పరువునష్టం కేసు మన మెడకు చుట్టుకుంటుందా?

మణి_తెనాలి:
మా బాబు ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి. వాడికి ఏ ఇబ్బందీ లేదు. గొడవంతా ఏడో తరగతిలో. లెక్కల సారు హోంవర్కు చెయ్యని పిల్లల చేత పీరియడ్ అయ్యేదాకా గోడకుర్చీ వేయిస్తున్నారట. స్కేలు అంచు నిలబెట్టి వేళ్ల కణుపుల మీద కొడుతున్నారట. ఫీజు బాకీ ఉన్న పిల్లల్ని పేరు పెట్టి లేపి "మీ నాన్నకి బండి కొనడానికి మాత్రం డబ్బులుంటాయి" అంటారట. నేను కళ్లారా చూసింది ఒక పాప వేళ్లు మాత్రమే, రెండు కణుపులు వాచి ఉన్నాయి. మిగతాదంతా స్కూల్ వ్యాన్ కోసం నిలబడ్డప్పుడు నలుగురు తల్లులు చెప్పింది.

"మీరు పేరెంట్స్ కమిటీలో ఉన్నారు కదా అక్కా, మీరే రాయండి. మా పేర్లు మాత్రం వద్దు, మా పిల్లలు మళ్లీ అక్కడే చదవాలి" అంటున్నారు. మా ఆయనేమో "రేపు ఆయన పరువునష్టం కేసు వేస్తే ఆ నలుగురిలో ఒక్కరైనా మనతో కోర్టు మెట్లెక్కుతారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రాయమంటారా, ఊరుకోమంటారా?

ఊరికే_చదివేవాణ్ణి:
ఊరుకోండమ్మా. అందరి తరఫునా మాట్లాడినవాళ్ల వెనక చివరికి ఎవరూ ఉండరు. మీ బాబు పదో తరగతి అక్కడే రాయాలి కదా.

వకీలు_గుంటూరు:
భయం ఎంతవరకు నిజమో ముందు చూద్దాం. పరువునష్టం నేరం పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టంలో సమాజ సేవ కూడా చేర్చారు. ఈ నేరాన్నే ఎత్తెయ్యాలని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్తే 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో కోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి చట్టం బతికే ఉంది.

అదే సెక్షన్లో పది మినహాయింపులున్నాయి. మీకు ఎనిమిదోది, తొమ్మిదోది ముఖ్యం. ఎనిమిదోది: ఒక మనిషి మీద చట్టప్రకారం అధికారం ఉన్నవాళ్లకి, ఆ విషయం మీదే, సదుద్దేశంతో ఫిర్యాదు చేస్తే పరువునష్టం కాదు. పనివాడి నడవడి గురించి యజమానికి చెప్పడం అని అక్కడ ఉదాహరణ కూడా ఇచ్చారు. టీచర్ గురించి ప్రిన్సిపాల్‌కో కరస్పాండెంట్‌కో రాయడం సరిగ్గా ఈ గదిలోకే వస్తుంది. తొమ్మిదోది ఇంకా సూటిగా మీ గురించే: తన ప్రయోజనం కోసమైనా, "ఇంకెవరి ప్రయోజనం కోసమైనా" సదుద్దేశంతో అన్న మాటకు రక్షణ ఉంది. మీ బిడ్డ విషయమైతేనే మాట్లాడాలి, పక్కింటి బిడ్డ విషయమైతే నోరు మూసుకోవాలి అని చట్టం ఎక్కడా అనలేదు.

మెలిక "సదుద్దేశం" దగ్గర ఉంది. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పనిని చట్టం సదుద్దేశం కింద లెక్కెయ్యదు. మనసు మంచిదైతే చాలదు, రాసేముందు మీరు ఏం కనుక్కున్నారో చూపించాలి. ఆ మినహాయింపు మీకు వర్తిస్తుందని రుజువు చేసుకునే భారం కూడా మీ మీదే.

చాక్‌పీస్_మాస్టారు:
ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. ఇక్కడ అందరూ కంప్లయింట్ రాసేవాళ్ల భయం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి అవతలి కుర్చీలోంచి నేను మాట్లాడతాను.

నా మీద ఓసారి ఇలాంటి ఉత్తరమే వచ్చింది. సంతకం ఒకే పేరెంటుది, లోపల "చాలామంది తల్లిదండ్రుల ఆవేదన" అని ఉంది. ఆ చాలామంది ఎవరో ఇవాళ్టికీ నాకు తెలీదు. ఏ రోజు, ఏ పీరియడ్, ఏ పిల్లవాడు అని అడిగితే "అవన్నీ చెప్పకూడదు సార్, పిల్లలకి ఇబ్బంది" అన్నారు. నేను దేనికి జవాబు చెప్పాలి? రెండు వారాలు ఎనిమిదో తరగతి నా చేతుల్లోంచి తీసేశారు, తర్వాత ఏమీ తేలలేదంటూ తిరిగి ఇచ్చారు. ఆ రెండు వారాలూ స్టాఫ్ రూములో నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోయేవి. ప్రైవేటు టీచరుకి యూనియన్ ఉండదు, సస్పెన్షన్ ఆర్డరూ ఉండదు, "రేపట్నుంచి రావద్దు" అంటారంతే. నలుగురి మాట మోసేవాళ్లు ఆ నలుగురినీ ముందు నిలబెట్టాలి. లేకపోతే అది ఆకాశరామన్న ఉత్తరమే, కింద సంతకం ఉందన్నమాటే గానీ.

అరుణ_కరీంనగర్:
మాస్టారూ, మీ బాధ అర్థమైతుంది. కానీ ఆ నలుగురు ఎందుకు సంతకం పెడ్తలేరో కూడా చూడుండ్రి. ఫీజు బాకీ ఉన్నోళ్లు వాళ్లే. బాకీ ఉన్న తండ్రి ప్రిన్సిపాల్ రూములకు పోయి "మా బిడ్డను కొట్టిండ్రు" అంటే, ముందు బాకీ సంగతి తేల్చుమంటరు. గా తల్లులు బీడీలు చేసుకుంటనో కూలికి పోతనో ఆ స్కూల్లో చదివిస్తున్నరనుకో, వాళ్ల పేరు మీద కాయితం ఎట్ల వస్తది? బాకీ లేని మనిషి, కమిటీల ఉన్న మనిషి మాట్లాడకుంటే ఇంకెవరు మాట్లాడాలె?

ఇంకొక మాట. కొట్టుడు సారు పద్ధతి, ఇష్టం అన్నట్టు మాట్లాడొద్దు. విద్యాహక్కు చట్టం 2009లనే వచ్చింది. 17వ సెక్షన్ల శారీరక దండన, మానసిక వేధింపు రెండూ నిషేధం. ఏడో తరగతి పిల్లలకు అది పక్కాగ వర్తిస్తది. గోడకుర్చీ అందులకు వస్తది, ఫీజు పేరు మీద క్లాసుల నిలబెట్టి అవమానించుడూ వస్తది.

చాక్‌పీస్_మాస్టారు:
అమ్మా, కొట్టడం సరైందని నేనెక్కడన్నాను? కొట్టాడో లేదో తేల్చే దారి మూసెయ్యొద్దన్నాను, అంతే.

నెట్‌లో_లా_చదివా:
ఇంత తతంగం ఎందుకండీ? ప్రిన్సిపాల్‌కి ఇస్తే చెత్తబుట్టలో పడుతుంది. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా పెట్టండి, సాయంత్రానికల్లా మేనేజ్‌మెంట్ దిగొస్తుంది. జర్నలిస్టు ప్రియా రమణి మీద వేసిన పరువునష్టం కేసులో ఢిల్లీ కోర్టే చెప్పింది, తన బాధ ఏ వేదిక మీదైనా చెప్పుకోవచ్చని.

వకీలు_గుంటూరు:
ఆ కేసు పూర్తిగా చదవండి. ఆవిడ చెప్పింది తనకే ఎదురైన లైంగిక వేధింపు, తన అనుభవం. మణి గారు చెప్పబోయేది ఇంకొకరి అనుభవం. పైగా ఆవిడ ఆరోపించిన మాజీ ఎడిటర్ ఎం.జె. అక్బర్ 2018లో కేసు పెడితే ఆవిడ నిర్దోషి అని తీర్పు వచ్చింది 2021 ఫిబ్రవరిలో. గెలిచే కేసులోనూ అన్నేళ్లు వాయిదాలకు తిరగాలి. ఒకరి తరఫున ఒకరు పేర్లు బయటపెట్టడం మీద 2017లో పెద్ద రగడే జరిగింది, గుర్తుందా? లైంగికంగా వేధించారంటూ యూనివర్సిటీ అధ్యాపకుల పేర్లతో ఫేస్‌బుక్‌లో ఒక జాబితా పెట్టారు, వివరాలు లేకుండా. వేధింపులకు వ్యతిరేకంగా ఏళ్లుగా పోరాడుతున్న స్త్రీవాదులే దాని మీద రెండుగా చీలిపోయారు.

గ్రూపు సంగతికొస్తే, ఎనిమిదో మినహాయింపు అధికారం ఉన్నవాళ్లకి చెప్పినప్పుడే. రెండొందల మంది పేరెంట్స్‌లో ఆ సారు మీద అధికారం ఎవరికుంది? ఇంకొకరు రాసింది ఫార్వర్డ్ చేశానంతే అన్నా తప్పించుకోలేరు. పరువునష్టం కలిగించే ట్వీటుని రీట్వీట్ చేసినా పరువునష్టమే అవుతుందని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో కేజ్రీవాల్ కేసులో చెప్పింది. గ్రూపు అడ్మిన్‌లకు మాత్రం కొంత ఊరట ఉంది, సభ్యుడు పెట్టిన మాటకి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని 2016లో అదే కోర్టు అంది.

ఊరికే_చదివేవాణ్ణి:
మా అపార్ట్‌మెంటులో ఒకాయనకి ఇలాగే ట్యూషన్ మాస్టారి విషయంలో కోటి రూపాయలకి లీగల్ నోటీసు వచ్చింది. వారం రోజులు అన్నం తినలేదు పాపం.

వకీలు_గుంటూరు:
నోటీసులో కోటి రాయడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. సివిల్ దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, అక్కడ చాలా కోట్లు లక్షలవుతాయి, కొన్ని మాయమవుతాయి. దావా వేయడానికి గడువు కూడా ఏడాదే. క్రిమినల్ వైపు పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు, బాధితుడే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఆ కంప్లయింటును విచారణకు తీసుకునే ముందే మేజిస్ట్రేట్ మీ మాట వినాలి. పాత చట్టంలో ఆ వీలు లేదు. సరైన చోట, సరైన మాటలతో ఇచ్చిన ఉత్తరం చేతిలో ఉంటే ఆ మొదటి మెట్టు మీదే చాలా తేడా వస్తుంది.

సోమవారం_అర్జీ:
ప్రిన్సిపాల్ పట్టించుకోకపోతే గ్రూపుకి పోనక్కర్లేదు, పై మెట్లున్నాయి. కరస్పాండెంట్, తర్వాత ఎంఈవో, ఆపైన డీఈవో. ప్రైవేటు స్కూలుకైనా గుర్తింపు ఇచ్చేది విద్యాశాఖే కదా. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినా డీఈవోకే పంపుతారు. పిల్లలకి ప్రమాదం అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఎక్కడ ఇచ్చినా ఒకే ఉత్తరం, అవే మాటలు ఉండాలి. ప్రిన్సిపాల్‌కి "కొట్టారు" అని, డీఈవోకి "చావబాదారు" అని రాస్తే అక్కడే పట్టుకుంటారు.

లక్ష్మి_ఏలూరు:
నాదో అనుమానం. ఇది కొట్టడం కాబట్టి ఇలా మాట్లాడుకుంటున్నాం. అదే ఆడపిల్లల మీద చెయ్యి వేస్తున్నాడని తెలిస్తే? అప్పుడు కూడా సంతకాలు, ఆధారాలు అంటూ కూర్చోవాలా?

వకీలు_గుంటూరు:
అక్కర్లేదు, కూర్చోకూడదు కూడా. అది పోక్సో, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 చట్టం. 19వ సెక్షన్ ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే 21 కింద మీరే నేరస్తులు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ ఏ బాధ్యతా ఉండదని 19లోనే రాసి ఉంది. కావాలని అవమానించడానికో డబ్బు గుంజడానికో అబద్ధం చెబితే 22 కింద శిక్ష ఉంది, అది వేరే. అక్కడ ప్రిన్సిపాల్‌కి చెప్పి ఊరుకోవడం చాలదు, పోలీసులకే చెప్పాలి. ఆ పాప ఎవరో తెలిసేలా గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకూడదు.

మణి_తెనాలి:
అంత మాట ఎవరూ అనలేదండీ, దేవుడి దయ వల్ల. నిన్న రాత్రి కూర్చుని ఇలా రాశాను, చూడండి:

"ఏడో తరగతి లెక్కల సారు శాడిస్టులా ప్రవర్తిస్తూ పేద పిల్లల్ని రోజూ హింసిస్తున్నారు. ఆయన్ని వెంటనే తొలగించాలని తల్లిదండ్రులందరి తరఫున డిమాండ్ చేస్తున్నాను."

వకీలు_గుంటూరు:
ఈ రెండు వాక్యాల్లో నాలుగు చోట్ల దొరికిపోతారు. "శాడిస్టు", "రోజూ", "తల్లిదండ్రులందరి", "తొలగించాలి". మొదటిది తిట్టు, రెండోదీ మూడోదీ మీరు రుజువు చేయలేరు, నాలుగోది మీ పని కాదు. ఇలా మార్చండి:

"ఫలానా తేదీ సాయంత్రం ఏడో తరగతి చదివే ఒక పాప కుడిచేతి రెండు వేళ్ల కణుపులు వాచి ఉండటం నేను చూశాను. లెక్కల పీరియడ్‌లో స్కేలుతో కొట్టారని ఆ పాప, తల్లి నాకు చెప్పారు. ఇలాంటివే మరో ముగ్గురు తల్లులు కూడా నాతో అన్నారు. అవి నేను స్వయంగా చూసినవి కావు. పిల్లలతో విడిగా మాట్లాడి, సంబంధిత ఉపాధ్యాయుడి వివరణ కూడా తీసుకుని విచారించాలని కోరుతున్నాను. తమ పేర్లు విచారణాధికారికి మాత్రమే చెప్పడానికి ఆ తల్లులు ఒప్పుకుంటే మీకు తెలియజేస్తాను."

చాక్‌పీస్_మాస్టారు:
ఇందులో "ఉపాధ్యాయుడి వివరణ కూడా" అన్నారు చూశారా, నాకు వచ్చిన ఉత్తరంలో ఆ ఒక్క ముక్కా ఉండి ఉంటే బాగుండేది. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. ఆ ముగ్గురు తల్లుల మాట తీసెయ్యండి. మీరు చూసిన పాప ఒక్కతే చాలు విచారణకి. మిగతా ముగ్గురి పేర్లు లేకుండా సంఖ్య మాత్రం చెబితే చదివేవాళ్ల బుర్రలో ఆయన నేరస్తుడైపోయినట్టే.

అరుణ_కరీంనగర్:
తీసేస్తే "ఒక్క పిల్లకు తగిలింది, యాక్సిడెంట్" అని ఫైలు మూస్తరు మాస్టారూ. నాలుగు ఇండ్లళ్ల ఒకే మాట వినవడ్తుందనేదే అసలు సంగతి. ఉండాలె.

వకీలు_గుంటూరు:
చట్టం వైపు నుంచి ఉంచినా ఇబ్బంది లేదు, విన్నదాన్ని విన్నదిగా రాశారు కాబట్టి. కానీ మాస్టారి మాటలో న్యాయం లేదనను. నేనైతే ఆ ముగ్గురి దగ్గరా తేదీతో ఒక్కో చీటీ రాయించుకుని నా దగ్గరే పెట్టుకుంటాను, ఉత్తరానికి జతచేయను. రేపు అవసరమైతే నేను వాకబు చేశానని చూపించడానికి.

మణి_తెనాలి:
ఇందాక ఆ పాప వాళ్లమ్మతో మాట్లాడాను. చీటీ రాయడానికి ఒప్పుకుంది. మిగతా ముగ్గురిలో ఒకావిడ వాళ్లాయన్ని అడిగి చెబుతానంది. ఒకావిడ ఫోన్ ఎత్తలేదు. ఇంకొకావిడ "అంత సీరియస్సేం కాదులే అక్కా" అంది. వ్యాను దగ్గర అందరికంటే గట్టిగా మాట్లాడింది ఆవిడే.

చాక్‌పీస్_మాస్టారు:
మరి ఇప్పుడు "ముగ్గురు" అని రాస్తారా?

మణి_తెనాలి:
రాయను. చీటీ ఇచ్చినవాళ్లనే లెక్కేస్తాను. రెండో ఆవిడ ఇస్తే ఇద్దరు, లేకపోతే ఆ పాప ఒక్కతే. సోమవారం పొద్దున్న ఆఫీసులో ఇస్తాను. మా ఆయన అడగమన్నారు: ఉత్తరం తీసుకుని, మన కాపీ మీద సీలు వేయమంటే వేయం అంటే ఏం చేయాలి?

వకీలు_గుంటూరు:
వాదన పెట్టుకోకండి. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో ప్రిన్సిపాల్ పేరుకి ఒకటి, కరస్పాండెంట్ పేరుకి ఒకటి పంపి రశీదులు దాచండి. ఆ రశీదుల ఫొటో కూడా గ్రూపులో పెట్టకండి.