పెట్టెను ‘మోగించాడు’ అనొచ్చా?

బోస్టన్ నగరంలో 1852 ఏప్రిల్ 28న మొదలైన అగ్నిప్రమాద తంతి (నిప్పంటుకున్న కబురు పంపే టెలిగ్రాఫు ఏర్పాటు) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఎక్కడైనా నిప్పంటుకుంటే వీధిలో బిగించిన పెట్టె దగ్గరికి పరుగెత్తి కబురు పంపేవారు. ‘పెట్టె మోగించాడు’ అని రాశాను. సరేనంటారా?

— ‘మోగించాడు’ వద్దండీ. మోగేది పెట్టె కాదు, ఊళ్లోని గంటలు. ఈ తంతిని రూపొందించిన చానింగ్, ఫార్మర్ కలిసి తయారుచేసిన ఆ తొలి పెట్టెల్లో చేత్తో తిప్పే పిడి ఉండేది. తిప్పితే లోపలి పళ్ళ చక్రం తిరిగి, ఆ పెట్టెకిచ్చిన అంకె కేంద్ర కార్యాలయానికి చేరేది. గంటలు కొట్టించేది అక్కడి ఉద్యోగి. పిడి గబగబా తిప్పితే అంకె చెదిరిపోయేది, కాబట్టి నిదానంగా తిప్పాలి. అందుకని 1852 నాటి ముచ్చటైతే ‘పిడి తిప్పాడు’ అనండి.

తర్వాత గేమ్‌వెల్ అనే కంపెనీ పెట్టెలు వచ్చాయి. వాటిలో కొక్కేన్ని ఒక్కసారి కిందికి లాగి వదిలితే చాలు, స్ప్రింగు గడియారంలాగా చక్రాన్ని తనే తిప్పుతుంది. తీగలో కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. చక్రం పళ్ళు దాన్ని తెంపి కలుపుతుంటే, ఆ తెంపుల లెక్కే పెట్టె అంకె. అక్కడ ‘కొక్కెం లాగాడు’ అనాలి. క్రియ మారితే యంత్రమే మారిపోతుంది, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

— బాగా చెప్పారు. మరి ‘తంతి’ ఎందుకు, ‘తీగ’ అంటే పోలేదా? ఇప్పటి పిల్లలకి అదే తెలుసు. పైగా తీగ లాగితే డొంకంతా కదిలిందన్న సామెత కూడా కలిసొస్తుంది.

— సామెత అందంగానే ఉంది గానీ, దాని అర్థం గుట్టు బయటపడటం కదండీ. ఇక్కడ గుట్టేమీ లేదు. తీగ వస్తువు, తంతి ఆ వస్తువు మీద నడిచే ఏర్పాటు. ‘తపాలా తంతి శాఖ’ అన్నాం గానీ తీగ శాఖ అనలేదు. వీణకున్నదీ తంతే. మీటితే పలికేది అన్న స్ఫురణ ఆ మాటలోనే ఉంది. దాన్ని వదులుకోవద్దు.

— నా వ్యాసంలో 1872 నవంబరు 9 నాటి పెద్ద అగ్నిప్రమాదం కూడా ఉంది. మొదటి కబురు ‘బాక్స్ 52’ నుంచి. దీన్ని ఎలా రాయమంటారు?

— ‘యాభై రెండో పెట్టె’ అనండి. గంట అయిదు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి, రెండు కొడుతుంది. అప్పట్లో పెట్టెలకు తాళాలుండేవి, తాళంచెవి కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. కాబట్టి ఆ వాక్యం ఇలా: ‘తాళం తీశాకే యాభై రెండో పెట్టె నుంచి కబురు వెళ్ళింది.’