పిల్లల ఎగ్జిమాకి మూలం బాక్టీరియానా, చర్మమా?

పాలపిట్ట: మా బాబుకి మూడేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. డాక్టర్ గారు స్టాఫ్ ఆరియస్ అనే బాక్టీరియా చేరిందన్నారు. అసలు కారణం అదేనా?

తుంగభద్ర: ముమ్మాటికీ అదే. ఎగ్జిమా ఉన్నచోట చూస్తే దాదాపు 70 శాతం మందిలో అది దొరుకుతుంది. అది వదిలే వీ8 అనే ఎంజైమ్ నేరుగా నరాలను రెచ్చగొట్టి దురద పుట్టిస్తుందని 2023లో హార్వర్డ్ వాళ్లు ఎలుకల్లో చూపించారు. ఇంకేం కావాలి?

కుండబద్దలు: మిగతా 30 శాతానికి ఎక్కడినుంచి ఊడిపడింది? ఫిలాగ్రిన్ (చర్మపు పైపొరని కాపాడే ప్రొటీన్) జన్యువులో లోపం ఉన్న పిల్లలకి చర్మం తేమ నిలవక పొడిబారి పగులుతుందని, వాళ్లకి ఎగ్జిమా ఎక్కువని 2006లోనే తేలింది. బాక్టీరియా వచ్చేది ఆ తర్వాత. తలుపు బార్లా తీసి దొంగని తిడితే ఎలా?

తుంగభద్ర: ఒక్కసారి తీసిన శాంపిల్‌లో దొరకకపోతే అసలు లేనట్టా? 2012లో అమెరికాలో పిల్లల్ని వరసగా గమనిస్తే, ఎగ్జిమా తిరగబెట్టినప్పుడల్లా స్టాఫ్ పెరిగింది, మిగతా బాక్టీరియా రకాలు తగ్గాయి.

చిట్టిబాబు: వేపాకు నీళ్లు పోయండి. అంతే.

కుండబద్దలు: నేనడిగింది 30 శాతం గురించి. సరే, బాక్టీరియానే మూలమైతే యాంటిబయాటిక్‌తో తగ్గాలిగా? బ్రిటన్‌లో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపించిన 113 మంది పిల్లల మీద చూశారు. అందరికీ స్టెరాయిడ్ క్రీమ్ ఇచ్చారు. కొందరికి అదనంగా ఇచ్చిన యాంటిబయాటిక్ వల్ల చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు.

తుంగభద్ర: వచ్చారండీ స్టెరాయిడ్ దగ్గరికి! మా పాప మెడ చూసి మాట్లాడండి. చర్మం పలచబడి లోపలి రక్తనాళాలు కనిపిస్తున్నాయి.

పాలపిట్ట: మీ గొడవ ఆపండి. బాక్టీరియా అనే మాట ఇంట్లో చెప్పిన పాపానికి మా అత్తగారు "పిల్లాడికి సరిగా స్నానం చేయించట్లేదన్నమాట" అని రోజూ సున్నిపిండితో నలుగు పెడుతున్నారు. ఒంటిమీద రక్తం చిమ్ముతోంది.

కుండబద్దలు: అమ్మా, నలుగు ఈ రోజే ఆపించండి. రుద్దేకొద్దీ చర్మం ఇంకా చిట్లుతుంది. ఇది మురికితో వచ్చే జబ్బు కాదు. తుంగభద్ర గారూ, మీ పాపకి రాసిన క్రీమ్ ఏది?

తుంగభద్ర: క్లోబెటసాల్. డాక్టర్ రాసిందే. ఏడాదిపైనే వాడాం.

కుండబద్దలు: పసిపిల్ల మెడకి క్లోబెటసాలా! అది బాగా ఘాటైన రకం. హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటివి ఉన్నాయి కదా.

తుంగభద్ర: ఆ తేడా అప్పుడు మాకెవరు చెప్పారు? చీటీ మీద "రోజుకి రెండుసార్లు" అని మాత్రమే ఉంది. ఎన్నాళ్లో లేదు. అందుకే స్టెరాయిడ్ వద్దంటాను, బాక్టీరియా సంగతి చూడమంటాను.

కుండబద్దలు: అంటే మీ కోపం స్టెరాయిడ్ మీద. ఆ మాట ముందే అనాల్సింది. మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ భయంతో ఈవిడ మందు మానేస్తే బాబు రాత్రంతా గోక్కుంటాడు.

తుంగభద్ర: మానమని నేనెక్కడ అన్నాను? పాలపిట్ట గారూ, ఏ బలం, ఎన్ని రోజులు, ఎక్కడెక్కడ రాయాలి, ఈ మూడూ చీటీ మీద రాయించుకోండి. 30 శాతం సంగతి ఈయనతో నేను తేల్చుకుంటాను.