ఐ-130కి జతచేసే అఫిడవిట్లు: సాక్షుల చేత ఏం రాయించాలి?

కృష్ణాతీరం:
నేను అమెరికా పౌరుడిని. గుంటూరులో ఉన్న నా భార్య కోసం ఐ-130 (బంధువుల వలస కోసం అమెరికా ప్రభుత్వానికి పెట్టే పిటిషన్) దాఖలు చేయబోతున్నాను. పెళ్లయి ఏడు నెలలే కావడంతో ఉమ్మడి బ్యాంకు ఖాతా గానీ, ఇద్దరి పేరిట అద్దె ఒప్పందం గానీ లేవు. మా వివాహం నిజమైనదేనని తెలిసినవారి చేత అఫిడవిట్లు ఎలా రాయించాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

ఫ్రిస్కోవాసి:
ఐ-864 అనే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ మీ ఆదాయానికి సంబంధించినది. దానితో దీన్ని కలపకండి. నిబంధనల ప్రకారం సాక్షి రాసే అఫిడవిట్‌లో ఆ సాక్షి పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మీతో బంధుత్వం, మీ వివాహం సంగతి తనకెలా తెలిసిందన్న వివరం ఉండాలి. అధికారి ఆ సాక్షిని పిలిచి ప్రశ్నించే అవకాశమూ ఉంది కనుక మొహమాటానికి సంతకం పెట్టేవారిని అడగకండి.

పాత కాపు:
మేము చేసిన పొరపాటు చెబుతాను. కోర్టు ఎదుట టైపు చేసే ఆయన దగ్గర మా మామయ్యది, బాబాయిది, పక్కింటాయనది ఒకే రోజు స్టాంపు పేపరు మీద చేయించాం. పేర్లు తప్ప మూడింటిలోనూ “వారు అన్యోన్యంగా కాపురం చేయుచున్నారు” అన్న వాక్యమే ఉంది. నేను అమెరికా తిరిగివచ్చి అప్పటికే నాలుగు నెలలు! మరిన్ని ఆధారాలు కావాలని నోటీసు వచ్చింది.

రెండోసారి మా పెద్దమ్మ తన చేత్తో తెలుగులోనే రెండు పేజీలు రాసింది. నిశ్చితార్థానికి తెచ్చిన గాజులు అమ్మాయికి బిగువైతే తానే కొట్టుకు వెంటబెట్టుకెళ్లి మార్పించిన సంగతి, సంక్రాంతికి ఆమె మా ఇంట్లో పది రోజులుండి రోజూ రాత్రి నాతో వీడియో కాల్ మాట్లాడుతుంటే తాను మధ్యలో వచ్చి పలకరించిన సంగతి అందులో ఉన్నాయి. ఆంగ్లానువాదాన్నీ, అది పూర్తిగా, సరిగ్గా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చునని అనువాదకుడు సంతకం చేసిన ధ్రువీకరణనూ జతచేశాం. ఆమోదం లభించింది. అయితే విమాన టికెట్లు, డబ్బు పంపిన రసీదులు కూడా పెట్టాం. ఒక్క అఫిడవిట్ల మీదే ఆధారపడవద్దు.

కృష్ణాతీరం:
నోటరీ తప్పనిసరా?

ఫ్రిస్కోవాసి:
అమెరికా కోడ్ 28వ టైటిల్, 1746వ సెక్షన్ ప్రకారం, అబద్ధమైతే శిక్షకు లోబడతానని ప్రకటించి, తేదీ వేసి సంతకం చేస్తే ప్రమాణపత్రంతో సమానమే. భారతదేశంలో సంతకం చేసేవారు “అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టాల కింద” అన్న మాట తప్పక చేర్చాలి. నోటరీ చేయించినా నష్టం లేదు.

కృష్ణాతీరం:
మరో చిక్కు. మా ముహూర్తం శనివారం రాత్రి 2.18 గంటలకు, తెల్లవారితే ఆదివారం. శుభలేఖలో శనివారం తేదీ, రిజిస్ట్రేషన్ పత్రంలో ఆదివారం తేదీ ఉన్నాయి. మిత్రుడు శనివారమే పెళ్లి జరిగిందని రాశాడు.

పాత కాపు:
శనివారం రాత్రి మండపానికి వచ్చానని, మాంగల్యధారణ అర్ధరాత్రి దాటాక జరిగింది కనుక తేదీ మారిందని ఆయన్నే విడమరచి రాయమనండి. ఆయన చూసినంత వరకే సుమా.

కృష్ణాతీరం:
అడిగాను. భోజనం చేసి పదకొండింటికే వెళ్లిపోయాడట! తాళి కట్టడం చూసినవారిని వెతుకుతున్నాను.