మళ్ళీ మళ్ళీ వస్తున్న యోని ఇన్ఫెక్షన్: స్వాబ్ పరీక్ష అడిగి చేయించుకోవాలా?

నమస్కారం. పేరు లేకుండా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

కొన్నాళ్ళుగా యోని దగ్గర దురద, మంట తగ్గినట్టే తగ్గి తిరగబెడుతున్నాయి. ప్రతిసారీ ఫ్లూకోనజోల్ 150 ఎం.జి. అనే ఫంగస్ మాత్ర రాస్తున్నారు. నెలసరి దగ్గరపడేసరికి మళ్ళీ మొదలు. ఇంతకుముందు తెల్లబట్ట విరిగిన పాలలా గడ్డగడ్డగా అయ్యేది, వాసన ఉండేది కాదు. ఈసారి పల్చగా, బూడిదరంగులో ఉంది, నీచు వాసన కూడా. కలయిక తర్వాత మరీ ఎక్కువ. అప్పటిది ఫంగస్, ఇప్పటిది బాక్టీరియల్ వెజైనోసిస్ (బీవీ, అంటే యోనిలో బాక్టీరియా సమతుల్యం తప్పడం) అని నా అనుమానం. అదే అయితే ఫంగస్ మాత్ర దీనికి పనిచేయదు కదా? యోనిలో పీహెచ్ (ఆమ్లత్వం కొలత) మామూలుగా 3.8 నుంచి 4.5 ఉంటుందనీ, బీవీలో 4.5 దాటుతుందనీ చదివాను. ఇంతవరకూ ఆ పరీక్ష గానీ స్వాబ్ (దూదిపుల్లతో స్రావం తీసి చేసే పరీక్ష) గానీ చేయలేదు. లక్షణాలు విని చీటీ రాసివ్వడమే!

స్వాబ్ చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి: నొప్పి ఉంటుందా? ముందు ఏ మందులు ఆపాలి? ఏడాదిలో 3 సార్లు, అంతకన్నా ఎక్కువ ఫంగస్ వస్తే వారానికో మాత్ర చొప్పున 6 నెలలు ఇస్తారట, ఎవరైనా వాడారా? షుగర్ పరీక్ష కూడా అడగాలా? మావారికి ఏ ఇబ్బందీ లేదు, ఆయనా మందు వాడాలా?

లోపల కడుక్కునే వాష్‌లు మాత్రం చెప్పకండి, వాటివల్ల మంచి బాక్టీరియా కూడా పోతుంది. గర్భం లేదు, జ్వరం, పొత్తికడుపు నొప్పి లేవు.