నాన్న కీప్యాడ్ ఫోన్‌లో తెలుగు ఎస్సెమ్మెస్ డబ్బాలుగా కనిపిస్తోంది

నేను హైదరాబాద్‌లో, నాన్న నరసరావుపేట దగ్గర ఊళ్లో. ఆయనకు షుగర్. గ్లిమిపిరైడ్ టిఫిన్‌కి ముందు, మెట్‌ఫార్మిన్ రెండు పూటలా తిన్నాక. పొలం పనిలో పడితే మర్చిపోతారని పొద్దున 7:30కి, రాత్రి 8కి మెసేజ్ వెళ్లేలా నా ఫోన్‌లో షెడ్యూల్ పెట్టాను.

మెసేజ్ టైముకే చేరుతోంది. కానీ తెరమీద అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలే. సెట్టింగ్స్‌లో భాషలు ఇంగ్లీష్, హిందీ మాత్రమే ఉన్నాయి. ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపాను, ఆయనకు ఇంగ్లీష్ చదవడం రాదు. పక్కింటివాళ్ల కీప్యాడ్ ఫోన్‌లో తెలుగు కనిపించింది గానీ, మెసేజ్ రెండు ముక్కలై రెండోది ముందు వచ్చింది. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే, గుణింతాలూ విడిగా లెక్క. 'వేసుకోండి' ఒక్కటే తొమ్మిది తింటుంది. 'ముందు', 'తిన్నాక' తారుమారైతే షుగర్ పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. స్మార్ట్‌ఫోన్ ఆయన వాడలేరు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగు మెసేజ్ సరిగ్గా, ఒకే ముక్కగా కనిపిస్తున్న కీప్యాడ్ ఫోన్ ఉంటే, అది ఏ మోడల్?