డెల్కో కారు రేడియో: వాల్వుల చివర జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఎందుకు?

పాతకార్లపిచ్చి:
ఇండియానాలో ఉంటాను. 1950ల చివరి నాటి, జనరల్ మోటార్స్ వారి డెల్కో కారు రేడియో ఒకటి కొన్నాను. విప్పి చూస్తే అన్నీ వాల్వులే, అంటే వెలిగే పాతకాలపు గాజు గొట్టాలే. చివర మాత్రం హీట్‌సింక్‌కు (వేడిని లాగేసే లోహపు దిమ్మెకు) బిగించిన లావాటి గుండ్రని ట్రాన్సిస్టర్ ఒకటి ఉంది. దాని మీద డిఎస్-501 అని రాసి ఉంది. ఒకటి వాడినవారు అన్నీ అవే ఎందుకు వాడలేదు? వాల్వులు వెలుగుతున్నాయి కానీ స్పీకర్‌లో చప్పుడు లేదు.

సోల్డరు:
ఆ ట్రాన్సిస్టర్ తీసేసి 2ఎన్3055 వేయండి. సిలికాన్ అయితే దిగుల్లేదు.

వాల్వుతాత:
నాయనా సోల్డరూ, 2ఎన్3055 ఎన్‌పీఎన్, అక్కడున్నది జెర్మేనియం పీఎన్‌పీ. రెండింట్లో కరెంటు దిశ తిరగబడి ఉంటుంది. సిలికాన్ పీఎన్‌పీ వేసినా బేస్‌కు, అంటే ట్రాన్సిస్టర్‌ను అదుపు చేసే కాలికి, 0.6 వోల్టులు కావాలి, జెర్మేనియానికి 0.2, 0.3 చాలు. బయాస్, అంటే ఆ కాలికి ముందుగా ఇచ్చి ఉంచే వోల్టేజీ, అంతా మార్చుకోవాలి.

ఆనాటి పవర్ ట్రాన్సిస్టర్లు దాదాపు అన్నీ పీఎన్‌పీలే. ఎన్ రకం జెర్మేనియం పలకకు రెండు వైపులా ఇండియం బిళ్లలు పెట్టి కొలిమిలో వేడి చేసేవారు. 157 డిగ్రీలకే కరిగే ఇండియం, వేడి పెరిగేకొద్దీ కొంత జెర్మేనియాన్ని తనలో కరిగించుకుంటుంది. చల్లారేటప్పుడు అక్కడే పీ పొర కడుతుంది. రెండు పీ పొరల నడుమ ఎన్, అదే పీఎన్‌పీ. ఎక్కువ వేడి పుట్టే కలెక్టర్ వైపును లోహపు అడుగుకు అతికించేస్తే వేడి హీట్‌సింక్‌లోకి దిగిపోతుంది. నన్నడిగితే పవర్ ట్రాన్సిస్టర్‌లో సగం గొప్పతనం ఆ అతుకుదే.

ఇక మీ ప్రశ్న. అన్నీ ట్రాన్సిస్టర్లే ఉన్న రేడియోను ఫిల్కో కంపెనీ 1955లోనే క్రైస్లర్ కార్లకు చేసింది, ధర 150 డాలర్లు! ఆ డబ్బు ఎవరు పెడతారు? స్టేషన్ పట్టే పనికి చవకైన వాల్వులు ఉండనే ఉన్నాయి, 12 వోల్టుల బ్యాటరీతో నేరుగా నడిచేవి కూడా వచ్చాయి. స్పీకర్‌ను నడిపే సత్తా మాత్రం వాటికి లేదు. ఆ ఒక్క పనీ మీ ఇండియానాలోని కొకోమోలో తయారైన ఈ ట్రాన్సిస్టర్‌కు అప్పగించారు. దాంతో పాత వాల్వులకు కావలసిన రెండు వందల వోల్టులను బ్యాటరీ నుంచి పుట్టించడానికి గీపెట్టే వైబ్రేటర్, దాని ట్రాన్స్‌ఫార్మర్ రెండూ పోయాయి.

పాతకార్లపిచ్చి:
మరి ఇప్పుడు ట్రాన్సిస్టరే కాలిపోయిందంటారా?

వాల్వుతాత:
తొందరపడకండి. ఎమిటర్ అనే ట్రాన్సిస్టర్ కాలి దగ్గర అర ఓమ్ కూడా లేని రెసిస్టర్ ఉంటుంది, ఫ్యూజు పని దానిదే. ముందు దాన్ని మీటరుతో చూడండి. అది పోయి ఉంటే ఎందుకు పోయిందో కూడా చూడాలి: జెర్మేనియం వేడెక్కితే లీకేజీ (అక్కర్లేకుండా కారే కరెంటు) పెరుగుతుంది, లీకేజీతో మరింత వేడెక్కుతుంది, అలా తనను తానే కాల్చుకుంటుంది. హీట్‌సింక్ స్క్రూలు వదులుగా ఉన్నా అంతే. ఇంకొకటి, స్పీకర్ తగిలించకుండా స్విచ్ వేయవద్దు. చేతికందిన మంచి ట్రాన్సిస్టర్ అలా పోతే నాకు నిద్ర పట్టదు.